ఒకే ముహూర్తం, రెండు పెండ్లిండ్లు, ఒక డబ్బా

మా ఇంట్ల ఫ్రిజ్ పక్కన ఒక నల్ల డబ్బా ఉంటది. టిఫిన్ డబ్బాకు పెద్ద, బియ్యం డబ్బాకు చిన్న. లోపల నాలుగు హార్డ్ డిస్కులు, ముందట నాలుగు పచ్చ దీపాలు, ఎనుక ఒక చిన్న ఫ్యాను. దీన్ని నాస్ అంటరు. ఇంట్ల ఉన్న కంప్యూటర్లు, ఫోన్లు అన్నీ వైఫై మీదనే వచ్చి తమ ఫైళ్ళు ఇందుల దాసుకుంటయి. వడ్లకు గరిసె ఎట్లనో ఫొటోలకు ఇది అట్ల. నా భార్య మాత్రం దాన్ని నస అంటది, పొద్దుందాక గుర్రుమంటది కాబట్టి. దాని గురించి నేను మాట్లాడుడు మొదలువెడితే మాత్రం ఆ పేరు డబ్బా నుంచి నాకు బదిలీ అయితది.

కల్వకుర్తిల శ్రీశైలం రోడ్డు మీద మాది ఫొటో స్టూడియో. కింద దుకాణం, మీద ఇల్లు. ముప్పై ఏండ్ల సంది మంది పెండ్లిండ్లు తీస్తున్న. నా పెండ్లి ఫొటోలే సరిగ్గ రాలే. తీయ వచ్చేటోడు పీట మీద కూసున్నడు కదా. నా భార్య డిగ్రీ చదివింది, ఆల్బం పని అంత తనదే. నేను తీస్తె తను కోస్తది, అతికిస్తది, నలుపుంటె తెలుపు చేస్తది. ఒక్కొక్కసారి నేను తీసిన ఫొటోను నేనే గుర్తుపట్ట.

డబ్బా రాకముందు పెండ్లిండ్లన్నీ విడివిడి హార్డ్ డిస్కులల్ల ఉంటుండె. వాటి జాగా ఇనుప బీరువా. పట్టుచీరల మడతల నడుమ, నాఫ్తలీన్ గోలీల వాసనల భద్రంగ పండుకునేటివి. ఒకనాడు తను చుట్టాలింటికి పోనీకి అడుగు చీర గుంజితే, పై చీర మీది మాఘమాసం మొత్తం గచ్చు మీద పడ్డది. ఆ మాఘంల లగ్గాలైనోళ్ళు చాన మంది మల్ల ఫొటోలు అడగనే లేదు. అడిగిన ఇద్దరి ముందట నేను నిలబడ్డ తీరు నాకే తెలుసు. రాష్ట్రం వచ్చిన రెండో ఏడు హైదరాబాద్ పోయి ఈ డబ్బా తెచ్చుకున్న. ఒక డిస్కు పోయినా పక్క డిస్కులు ఆదుకుంటయి అన్నడు అమ్మినాయన. ఉమ్మడి కుటుంబం లెక్క అన్నమాట. ఉమ్మడి కుటుంబంల ఉండే ఇబ్బందులు కూడ వస్తయని గప్పుడు చెప్పలే.

ఫర్మ్‌వేర్ అన్న మాట నాకు తలకెక్కనీకి ఇంకో రెండేండ్లు పట్టింది. గా అమ్మినాయనే ఫోన్ల చెప్పిండు. "అన్నా, డబ్బా అంటె శరీరం. మనం దానితోని చేయించుకునే పనులు చదువు. ఫర్మ్‌వేర్ అంటె దాని పుట్టుబుద్ధి." పుట్టుకతోని వచ్చిన బుద్ధి పుడకలతోనే పోతదని మా అవ్వ అంటుండె. ఈ డబ్బాకు అట్ల కాదు. దాని పుట్టుబుద్ధిని కంపెనీవాళ్ళు ఎప్పుడంటె అప్పుడు ఇంటర్నెట్ల నుంచి మార్చి పంపుతరు. మనం ఒక బటను నొక్కితె చాలు, పది నిమిషాలల్ల డబ్బా కొత్త మనిషై లేస్తది. మనుషులకు గీ సౌలత్ ఉంటె నా భార్య నాకు వారానికోసారి బటను నొక్కుతుండె.

ఇంకో ముచ్చట, కంపెనీవాళ్ళ వెబ్‌సైట్ల ఒక పేజీ ఉన్నది. మా డబ్బాకు ఇంకా ఏమేం బుద్ధులు కావాల్నో రాయుండ్రి, ఆలోచిస్తం అని. అలిగిన అల్లుణ్ణి ఏం కావాలె నాయినా అని అడిగినట్టు అడిగితె ఎవరికి ఆశ పుట్టది? నేను కోరికలు రాసుడు మొదలువెట్టిన. చింపిన క్యాలెండర్ కాగితాల ఎనుక తెలుగుల నేను రాసేది, ఇంగ్లీషుల తను కొట్టేది.

మొదటి కోరిక కూత గురించి. డబ్బాకు ఒంట్ల బాగ లేకుంటె సన్నగ కూస్తది. కూస్తదని నాకు అప్పట్ల తెల్వదు. మొదటిసారి కూసినప్పుడు కీచురాయి అనుకున్నం. బియ్యం బస్తాలు జరిపినం, ఫ్రిజ్ జరిపినం, పొయ్యి కింద చీపురు పెట్టి ఊడ్చినం. రెండు దినాలు దేవులాడినంక కీచురాయి దొరకలే గని, ఎప్పుడో పోయిన నా పర్సు దొరికింది. గందుకే రాసిన: కూసుడు బంద్ చేసి, ఏమైందో తెలుగుల నోటితోని చెప్పేటట్టు చేయుండ్రి. కడుపు నొస్తాందా, తల నొస్తాందా మనిషి చెప్పినట్టు చెప్పాలె.

రెండోది కరెంటు. కరెంటు పోతే ఇన్వర్టర్ అందుకుంటది, ఇన్వర్టర్ గూడ చేతులెత్తేస్తె డబ్బా దబ్బున పడిపోతది. పడిపోయేముందు పనులన్నీ సర్దుకుని, తలుపులు ఏసుకుని పండుకునే బుద్ధి కావాలని రాసిన. గా బుద్ధి డబ్బాకు ముందే ఉన్నదట. ఇన్వర్టర్ నుంచి డబ్బాకు తీగ ఒకటి పెట్టుకోవాల్నట. తీగ ఇంక పెట్టలే.

మూడోది మొఖాలు. డబ్బా తనంత తానే మొఖాలు గుర్తుపట్టి, ఎవరి ఫొటోలు వాళ్ళకు వేరు చేస్తదని చెప్పిండ్రు. మా ఊర్ల పెండ్లిపిల్లలంత ఒకటే పార్లర్ల తయారైతరు. అవే కనుబొమ్మలు, అదే తెలుపు, నొసటి మీద అదే బాసింగం. డబ్బా రెండు దినాలు కష్టపడి, కల్వకుర్తి చుట్టుపక్కల ఎనిమిదేండ్లల్ల ఒక్కతే పిల్లకు పెండ్లిండ్లు అయినయని తేల్చింది. గోడకు వేలాడే తాతల పటాలను మాత్రం ఏ ఒక్కటి ఇడువకుండ చుట్టాల లెక్కల రాసింది. బాసింగం తీసి చూసే బుద్ధి ఇయ్యుండ్రి అని రాసిన.

నాలుగోదాని దగ్గర నా భార్య చేతులాగినయి.

మా పనిల ఒక బాధ ఉంటది. పెండ్లయిన ఆర్నెల్లకు పిల్ల తరపోళ్ళు వస్తరు, మొఖాలు ఎర్రగ చేసుకుని. ఫలానా మేనబావను అన్ని ఫొటోల్ల నుంచి తీసెయ్యి, వాని మొఖం చూడం అంటరు. తీసేస్తం. ఇంకో ఆర్నెల్లకు వాళ్ళే వస్తరు, వెంట గా మేనబావ. మల్ల పెట్టు అంటరు. గందుకే డబ్బాల ఒక అలకల గది ఉండాలె. తీసేసినోళ్ళను పారెయ్యకుండ గందుల కూసుండబెట్టాలె, రాజీ అయినంక బయటికి తెచ్చుకోవాలె.

"అలకకు ఇంగ్లీషు ఏంది?" అన్నది తను.

"నువ్వు డిగ్రీ చదివినవు, నన్నడుగుతవేంది?"

"కోపానికున్నది, బాధకున్నది. అలకకు లేదు."

"వాళ్ళు అలగరా?"

"అలుగుతరు గావొచ్చు. బతిమిలాడనీకి ఎవరు రారేమొ. రాకుంటె దానికి పేరు పెట్టుకుని ఏం చేస్తరు?"

ఆఖరికి 'కుటుంబ సభ్యులు తాత్కాలికంగా మాట్లాడుకోకపోవుట' అన్న అర్థం వచ్చేటట్టు ఏదో కొట్టింది. చెరిపేసిన ఫైళ్ళు, ఒకదాని మీద ఇంకొకటి పడి పోయిన ఫైళ్ళు పాత రూపంల కొన్నాళ్ళు దాసిపెట్టాలని దాని సారాంశం. వారానికి కంపెనీ నుంచి జవాబు వచ్చింది. మీ విలువైన సూచనలను మా బృందానికి పంపినం అని. నేను గా జవాబు ముగ్గురికి చూపించిన, పక్క ఛాయ్ హోటలాయనకు రెండుసార్లు.

గప్పటికే డబ్బా పేజీల మూలకు ఎర్రగ ఒక చిన్న చుక్క వెలుగుతాంది. కొత్త పుట్టుబుద్ధి తయారుగున్నది, బటను నొక్కు అని. నేను నొక్కలే. నొక్కకపోవుడుకు నా దగ్గర మంచి కారణాలే ఉండె. లగ్గాల కాలంల డబ్బాను ముట్టుకోవాల్నంటె భయం, పది నిమిషాల నడుమ కరెంటు పోతే డబ్బా ఎందుకు పనికిరాని ఇటుకపెళ్ళ అయితదని, అమ్మిన హైదరాబాదాయన బెదిరించిండు. లగ్గాలు లేని కాలంల నొక్కుదామంటె గది మూఢం. మా పనోళ్ళకు తీరిక దొరికేదే మూఢంల. కెమెరాలు కడుక్కునుడు, బ్యాగులు కుట్టిచ్చుకునుడు, పెండ్లాం పిల్లల మొఖాలు చూసుడు అన్నీ గప్పుడే. నేను బటను మీద వేలు పెట్టంగనే ఎనుక నుంచి వచ్చింది మాట: "మూఢంల ఎవరన్న కొత్తది మొదలువెడ్తరా?"

అట్ల మంచి దినాలల్ల భయంతోని, చెడ్డ దినాలల్ల భక్తితోని ఎర్ర చుక్కను ఏడాది కాపాడుకున్నం.

ఇగ నా సొంత తెలివి ఒకటి చెప్పాలె. డబ్బాల ఒక్కొక్క పెండ్లికి ఒక్కొక్క అర చేసి, దానికి పేరు పెడ్త. మనుషుల పేర్లు పెడితె ఒక్క పేరుతోని నలుగురుంటరు. గందుకే ముహూర్తం పేరు పెట్టేది. పెండ్లి కార్డు మీద తిథి, వారం, గంటలు, నిమిషాలతో సహ ఉంటది కదా, దాన్ని మించిన గుర్తేముంటది అనుకున్న. ఇంకో అలవాటు, ప్రతి పెండ్లికి పోయేముందు కెమెరాల ఫొటో నంబర్ల లెక్క మల్ల ఒకటి నుంచి మొదలయ్యేటట్టు చేస్త. కొత్త జంటకు కొత్త లెక్క. నా తోటి ఇంకో కెమెరా ఆయన ఉన్నడు, నా ఈడు మనిషే, గాయనకు గూడ గట్లనే చేయమని చెప్పేది. శుభమని చెప్పేది.

వానకాలం, నాట్లు సాగుతున్న దినాలు. పొద్దున షట్టర్ లేపి అగరొత్తి ముట్టిస్తున్న. ఒకామె మెట్టు కింద చెప్పులిడిసి లోపలికి వచ్చింది. ముప్పై అయిదేండ్లుంటయేమొ. మొఖం నిద్ర లేక ఉబ్బి ఉన్నది. సంచిల నుంచి ఆధార్ కార్డు తీసి గల్లా మీద పెట్టింది.

"అన్నా, మా అమ్మ పోయి ఏడొద్దులాయె. పదకొండోనాడు దినాలు. పటం కట్టియ్యాలె."

కార్డు చూసిన. నాకు అలవాటే. పోయినోళ్ళ పటాలు ఆధార్ నుంచే ఎక్కువ చేస్తం. ఇందుల ఉన్నామె మాత్రం ఎవరో దొంగతనం చేసి దొరికినట్టు చూస్తాంది.

"గిది మా అమ్మ కాదు," అన్నదామె. "అమ్మనే గని, అమ్మ కాదు. జర అర్థం చేసుకో అన్నా. గీ పటం ముందట దీపం పెట్టాల్నంటె నాకు చెయ్యి రాదు."

"వేరే ఫొటో లేదా చెల్లె?"

"ఫొటో తీస్తమంటె కొంగు అడ్డం పెట్టుకునేది. నా లగ్గంల గూడ వంటల కాడనే ఉన్నది. ఫోన్ల తీయబోతె చీపురు ఇసిరేది. మొన్న మాఘంల మా ఊర్ల సర్కారు బడి ఎనుక ఇంటోళ్ళ లగ్గం మీరే తీసిన్రు కదా? వాళ్ళింట్ల మా అమ్మ మూడొద్దులు బియ్యం ఏరింది, పసుపు దంచింది. లగ్గానికి ముందటి మైలపోలు నాడు పాట అందుకున్నదట. కెమెరా ఆయన ముందటనే నిలబడి తీసిండు అని వాళ్ళు చెప్పిన్రు. వాళ్ళ ఆల్బంల లేదు. మీ దగ్గర ఉంటదని పంపిన్రు."

నాకు యాదికొచ్చింది. మస్తుగ యాదికొచ్చింది. రోకలి పట్టుకుని, నోరు పెద్దగ తెరిచి పాడుకుంటనే, నడుమల పాట ఆపి "ఓ నాయినా, నీ డబ్బా జర పక్కకు జరుపు, వెలుగు పడనియ్యి" అని నన్ను కసిరిన ముసలమ్మ. గప్పుడు దగ్గర నుంచి ఒకటి తీసిన. నా జన్మల బాగొచ్చిన ఫొటోలు పదుంటె గందుల గది ఒకటి. ఆల్బంల మాత్రం బియ్యమేరినోళ్ళు ఉండరు. ఆల్బం అంటె చుట్టాల జాబితా.

"ఉన్నది చెల్లె," అన్న. "ఫికర్ చెయ్యకు. రేపు వచ్చి పటమే తీసుకపో."

ఉన్నది అనకుండ, చూస్త అంటె ఎంత బాగుండు. ఆమె మొఖం గప్పుడు విచ్చుకున్నది. గల్లా ముందటి కుర్చీల మొదటిసారి ఒరిగి కూసున్నది, నీళ్ళడిగి తాగింది, బస్సెక్కిపోయింది.

మీదికి పోయి ఆ ముహూర్తం పేరున్న అర తెరిచిన. మొదటి ఫొటోల ఉన్న పెండ్లిపిల్లను నేనెన్నడు చూడలే. పార్లర్ మహిమ అనుకుని కిందికి జరిపిన. ఇల్లు గూడ నేను చూడలే. పెండ్లికొడుకును గూడ చూడలే. మైలపోలు, ఎదుర్కోళ్ళు, జీలకర్ర బెల్లం, తాళి కట్టుడు, అంత ఎవరిదో పెండ్లి. తలంబ్రాలు సగం పడ్డంక, ఒక్కపారే పందిరి రంగు మారింది. పెండ్లికొడుకుకు మీసం మొలిచింది. తాళి కట్టినాయన ఒకాయన, పక్కన కూసుని అన్నం తింటున్నాయన ఇంకొకాయన.

మెల్లమెల్లగ వెలిగింది. గా నాడు అదే ముహూర్తానికి రెండు లగ్గాలు. బడి ఎనుకోళ్ళది నేను తీసిన, ఇంకో ఊర్లది నా తోటి కెమెరా ఆయన తీసిండు. పంచాంగం ఒక్కటే, నిమిషాలు గూడ అవే. రెండింటికి ఒకటే పేరు పెట్టిన. రెండు కెమెరాలల్ల లెక్క ఒకటి నుంచే మొదలు. నాది ముందు డబ్బాల ఏసిన, వారానికి గాయనది ఏసిన. గిదే పేరుతోని ఉన్నయి, పాతవి తీసి కొత్తవి పెట్టాల్నా అని డబ్బా అడిగే ఉంటది. ఇంగ్లీషుల అడుగుతది. ఏదడిగినా మొదటి బటను నొక్కుడు నా అలవాటు. నంబరుకు నంబరు ఒక పెండ్లి మీద ఇంకో పెండ్లి కూసున్నది. ఆల్బం అయినంక కంప్యూటర్ల నుంచి ఎన్నడో తుడిచేసిన.

హైదరాబాదాయనకు ఫోన్ చేసిన. "అన్నా, పలక మీద తుడిచి మల్ల రాసినంక పాత అక్షరాలు అడిగితె ఎట్ల?" అన్నడు. "అయినా నీకేం ఫికర్? పోయినేడు వచ్చిన కొత్త ఫర్మ్‌వేర్ల గా బుద్ధి ఇచ్చిండ్రు కద. ఒకదాని మీద ఇంకొకటి పడ్డా, పాతదాన్ని పక్కకు తీసి దాస్తది. ఏసుకున్నవు కద?"

నేను ఫోన్ పెట్టేసి నా భార్యను పిలిచిన.

ఎర్ర చుక్కను తెరిచి, దాని కింద రాసింది నా భార్యతోని చదివిచ్చుకున్న. నేను కంపెనీని అడిగిన అలకల గది, నేను అడగకముందే కట్టి, సున్నమేసి, తాళంచెవి మా ఇంటి గూట్ల పెట్టి పోయిండ్రు. తలుపు తియ్యాల్సింది నేను. వరం ఇచ్చిన దేవుడు గుమ్మంల నిలబడి ఉంటె, నేను ఎనుక గదిల కూసుని వరం కోసం దరఖాస్తు రాస్తున్న.

"నువ్వే అన్నవు మూఢంల వద్దని," అన్న.

"కొత్త పని వద్దన్న. పాతదాన్ని బాగుచేసుకోవద్దన్ననా? మూఢంల ఇంటికి సున్నమేస్తలేమా, ఇంటి మీద పెంకులు సదురుతలేమా?" అన్నది. మౌస్ చేతిలకు తీసుకుని, "ముహూర్తం పేరు పెట్టమని గూడ నేనే చెప్పిన్నా?" అన్నది. గక్కడికి చర్చ ముగిసింది. గప్పుడే, అమాస పూట పన్నెండు గంటలకు, తనే బటను నొక్కింది. కరెంటు పోలే.

డబ్బాకు బుద్ధి వచ్చింది. ముసలమ్మ రాలే.

మర్నాడు పొద్దున్నే ఆమె వచ్చింది. వెంట ఆమె మేనమామ, పోయినామె తమ్ముడు. తెల్ల ధోతి, భుజం మీద తువ్వాల, పెద్దమనిషి. పటం మోసుకపోనీకి వచ్చిండు. నేను ముందు ఆయన్ను కూసుండబెట్టిన, ఛాయ్ తెప్పిచ్చిన. ఛాయ్ తెప్పిస్తె చెప్పుడు అల్కగ ఉంటదేమొ అనుకున్న. ఉండలే.

"చెల్లె, నిన్న ఉన్నదన్న. లేదు. నేను తీసిన, నేనే పోగొట్టిన. ఇంకో పెండ్లి దాని మీద పడ్డది."

ఆమె నన్ను తిట్టలే. తిడితె బాగుండు. "పెండ్లి మీద పెండ్లి పడుడేంది అన్నా?" అన్నది, నిజంగనే తెల్వక. నేను పలక కథ చెప్పిన. ఆమె సంచి మీద చేతులు పెట్టుకుని విన్నది.

"అంత పోయిందా? ఒక్కటన్న మిగలలేదా?"

నేను అంతే అనబోయిన. నా భార్య మీది నుంచి దిగుకుంట అన్నది, "అంత పోలే. గా రెండో లగ్గం చిన్నది, ఫొటోలు తక్కువ. దాని లెక్క అయిపోయిన కాడి నుంచి మీ ఊరి లగ్గం ఫొటోలు అట్లనే ఉన్నయి. తలంబ్రాల సగం నుంచి. నువ్వు నా పక్కన కూసో చెల్లె. మీ అమ్మను మేము గుర్తుపట్టం, నువ్వు పడ్తవు."

గా సంగతి నాకు తట్టలే. పోయినదాన్ని చూసుకుంట కూసున్న, మిగిలినదాన్ని చూడలే.

అందరం మీదికి పోయినం, కంప్యూటర్ ముందట ఇద్దరు కూసున్నరు. నాలుగు వందల చిల్లర ఫొటోలు. నా భార్య ఒక్కొక్కటి పెద్దగ చేసుకుంట ఎనుక మనుషులను చూపిస్తది, ఆమె తల అడ్డం ఊపుతది. గిది వాళ్ళ మేనత్త. గీయన సర్పంచ్ తమ్ముడు. గీళ్ళు ఎవరో పట్నపోళ్ళు. నడుమల ఒకచోట ఎనుకకు తిరిగి నిలబడ్డ చీర చూసి ఆగమన్నది. "చీర అమ్మదే," అన్నది. వీపు ఒక్కటే ఉన్నది. వీపుకు పటం ఎట్ల కడ్తం? అయినా దాన్ని చాన సేపు చూసింది. నేను ఛాయ్ గిలాసలు సదిరినట్టు చేసుకుంట గక్కడక్కడనే తిరుగుతున్న. మేనమామ గోడ మీది ఫొటోలు చూసుకుంట, దినాలకు చెయ్యాల్సిన పనులు ఒక్కొక్కటి వేళ్ళ మీద లెక్కబెడుతున్నడు.

భోజనాలు వచ్చినయి. ముందు చుట్టాల బంతి, తర్వాత ఊరోళ్ళ బంతి. పెండ్లికొడుకు తండ్రి అందరిని మంచిగ తింటున్నరా అని అడుగుకుంట తిరుగుతున్నప్పుడు తీసిన ఫొటో ఒకటి. గాయన దండం పెట్టుకుంట నవ్వుతున్నడు. గాయన మోచేతి కింద, ఎనుక వరసల, ఒక ముసలమ్మ విస్తరాకు ముందట సక్లముక్లం పెట్టుకుని కూసున్నది. నిండా బగారన్నం, మీద మాంసం కూర. ఒక బుగ్గ ఉబ్బి ఉన్నది. కుడిచెయ్యి విస్తరాకు మీద, ఎడమచెయ్యి మీదికి లేపి వేళ్ళు ఇట్ల ముడిచింది, వడ్డించేటాయన దిక్కు చూసుకుంట. కొంగు జారింది. అడ్డం పెట్టుకోనీకి చెయ్యి ఖాళీ లేదు.

కుర్చీల కూసున్నామె ముందుకు ఒంగింది. ఒక చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నది. ఏడుస్తాందనుకున్న. నవ్వుతాంది. నవ్వుకుంటనే కండ్లు తుడుచుకున్నది.

"గిదే," అన్నది. "గిదే కట్టియ్యి అన్నా."

మేనమామ లేచి వచ్చి చూసిండు. మొఖం చిన్నగ చేసిండు. "గిదేంది బిడ్డా? పటంల మనిషి దండం పెట్టినట్టు, కాకుంటె ఊకె చూసినట్టు ఉండాలె. మెక్కుకుంట ఉంటె దానికి పూలదండ ఎట్ల ఏస్తరు? దినాలకు వచ్చినోళ్ళు ఏమనుకుంటరు?"

"వచ్చినోళ్ళు గూడ తిననీకే వస్తరు కద మామా," అన్నదామె.

"నీకు ఎగతాళిగున్నదా?"

"ఎగతాళి కాదు మామా. నాకు బుద్ధి తెలిసిన సంది అమ్మ కూసుని తిన్నది చూసిన్నా? అందరికి పెట్టి, గిన్నెలు కడుక్కుంట, నిలబడే తిన్నది. అడుగంటింది తిన్నది. నా లగ్గంల గూడ తినలే. గీ ఒక్కపూట మంది వడ్డిస్తె కూసుని తిన్నది. గిది నేను చూడలే, ఇప్పుడు చూస్తున్న."

నేను నడుమల దూరి, పని వచ్చినోని లెక్క, "ఒక పని చేద్దం పెద్దాయినా. మొఖం వరకు కోస్తం. బుగ్గ కొంచెం లోపలికి నొక్కుతం. చెయ్యి తీసేస్తం. నోరు మూసేస్తం. అన్నం కనబడదు," అన్న. నా భార్య అన్నీ చెయ్యగలదు. నవ్వు గూడ పెడ్తది.

"నోరు మూస్తె మల్ల ఆధారే అయితది," అన్నదామె నన్ను చూడకుండ.

మామ జేబుల నుంచి కండ్లద్దాలు తీసి, తువ్వాలతోని తుడిచి పెట్టుకున్నడు. స్క్రీన్ దగ్గరికి ఒంగిండు. నా భార్య ఫొటోను ఇంకొంచెం పెద్దగ చేసింది. లేపిన ఎడమచెయ్యి, ముడిచిన వేళ్ళు, బొటనవేలు మాత్రం పక్కకు.

"చాలు అంటున్నది," అన్న నేను, మర్యాదగ ఉంటదని.

"చాలు అనుడు కాదు," అన్నడు మామ. స్క్రీన్ దిక్కే చూస్తున్నడు. "మా అక్క చాలు అననే అనదు. గది నల్లిబొక్క అడుగుడు, లోపల మూలుగ ఉంటది చూడు, గా ఎముక. చిన్నప్పుడు గూడ గంతే, నోట్ల ముద్ద ఉంటె మాట రాదు కద, చెయ్యి ఇట్ల పెట్టేది. మా అమ్మ ఆమెకు ఏసేది, నేను ఏడ్చేటోన్ని. నేను ఏడుస్తె అక్క మల్ల దాన్ని నా పళ్ళెంల పడేసేది."

కింద రోడ్డు మీద అచ్చంపేట బస్సు హారన్ కొట్టుకుంట పోయింది.

"ఇచ్చిండంటవా బిడ్డా, వాడు?" అని అడిగిండు మేనకోడల్ని. వడ్డించేటాయన మొఖం ఫొటోల లేదు, పంచె అంచు, గరిటె కొస మాత్రమే ఉన్నయి.

నా భార్య దాని తర్వాతి ఫొటో తెరిచింది. గందుల పెండ్లికొడుకు తండ్రి ముందుకు నడిచిండు, ముసలమ్మ ఆయన ఎనుక దాగింది. దాని తర్వాతి దాంట్ల మల్ల కనబడ్డది. విస్తరాకు మీద, అన్నం పక్కన, ఇంత పొడుగు బొక్క.

"ఇచ్చిండు," అన్నడు మామ. కండ్లద్దాలు తీసిండు. నా దిక్కు తిరిగి, దుకాణదారుతోని మాట్లాడినట్టు గట్టిగ చెప్పిండు, "ముందటిదే కట్టు. చెయ్యి కొయ్యకు. ఇస్తరాకు గూడ కనబడాలె. పెద్దగ కట్టు, దూరం నుంచి గూడ తెలువాలె ఏం అడుగుతాందో."

సాయంత్రానికి పటం అయ్యింది. పెండ్లికొడుకు తండ్రి మోచెయ్యి ఒక్కటి తీసేసి, మిగిలినదేది ముట్టుకోలే మేము. మామ పటాన్ని తన తువ్వాలలనే చుట్టి, చంకల పెట్టుకోకుండ, రెండు చేతులతోని ముందట పట్టుకుని మెట్లు దిగిండు. ఆమె ఎనుక నుంచి, "మామా, మెల్లగ దిగు," అన్నది.